తర్వాతి మేనేజర్ ఎవరు? ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉన్న మేనేజర్‌ని ఇంకా పంపనేలేదు. అప్పుడే పేర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అనిపిస్తుంది. కానీ నిజానికి క్లబ్బులూ అదే పని చేస్తాయి. పద్ధతిగా నడిచే క్లబ్, ఉన్న మేనేజర్ (జట్టును ఆడించేవాడు) గెలుస్తున్నప్పుడే తర్వాతి వాళ్ల జాబితా సిద్ధం చేసి పెట్టుకుంటుంది. 2022 సెప్టెంబర్ 8న గ్రాహమ్ పాటర్ చెల్సీకి వెళ్లిపోతే, బ్రైటన్ పదో రోజుకల్లా రాబర్టో డి జెర్బీని తెచ్చుకుంది. అదే టాటెన్‌హామ్ సంగతి చూడండి. 2021 ఏప్రిల్ 19న, లీగ్ కప్ ఫైనల్ ఆరు రోజుల్లో ఉందనగా జోసే మౌరీన్యోని తీసేసింది. కొత్త మేనేజర్ దొరికేసరికి 72 రోజులు పట్టింది.

మీ దాకా వచ్చే పేర్లు నాలుగు చోట్ల పుడతాయి. క్లబ్ లోపలి జాబితా, ఏజెంట్ల ఫోన్లు, బుకీల పట్టిక (తర్వాతి మేనేజర్ ఎవరన్న పందేలకి వాళ్లు పెట్టే రేట్లు), రాసేవాడి సొంత ఊహ. మొదటిది బయటికి రావడం చాలా అరుదు. మిగతా మూడే రోజంతా తిరుగుతుంటాయి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా?

ఇక్కడ పొగకి కూడా గిరాకీ ఉంది. పెద్ద క్లబ్ పేరు పక్కన తన కోచ్ పేరు పత్రికల్లో వస్తే, ఆ ఏజెంట్‌కి ఇప్పటి క్లబ్‌తో జీతం గురించి మాట్లాడే బలం వస్తుంది. అందుకే ఏ పేరు విన్నా ముందు రెండు విషయాలు చూడండి: అతని కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, పొడిగింపు చర్చలు నడుస్తున్నాయా. కాంట్రాక్టుకి ఏడాదిన్నర లోపే మిగిలి, పొడిగింపు తేలకుండా ఉంటే, ఆ పుకారు వల్ల లాభం ఎవరికో ఊహించడం కష్టం కాదు.

నిప్పు నిజంగానే ఉండి, వంట మాత్రం వేరే ఇంట్లో అయిపోయే సందర్భాలూ ఉన్నాయి. 2024లో థామస్ టూచెల్ సీజన్ చివర వెళ్లిపోతాడని బాయర్న్ మ్యూనిక్ ఫిబ్రవరిలోనే చెప్పేసింది. ఆ ఉద్యోగానికి వినిపించిన పేర్లలో షాబీ అలోన్సో మార్చి 29న లెవర్‌కూజెన్‌లోనే ఉంటానన్నాడు. యూలియన్ నాగెల్స్‌మన్ ఏప్రిల్‌లో జర్మనీ జట్టుతో ఒప్పందం పొడిగించుకున్నాడు. రాల్ఫ్ రాంగ్‌నిక్ మే 2న ఆస్ట్రియాతోనే ఉండిపోయాడు. మే 29న బాయర్న్ ప్రకటించిన పేరు విన్సెంట్ కొంపనీ. ఫిబ్రవరిలో ఆ పేరు చెప్పి ఉంటే నవ్వేవాళ్లు, ఎందుకంటే అప్పటికి అతని క్లబ్ బర్న్లీ ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ పై లీగ్) నుంచి కిందికి జారే దారిలో ఉంది.

బుకీల పట్టికలో ఫేవరెట్‌గా ఉన్నవాడే వస్తాడా?

ముందు ఆ అంకెను చదవడం నేర్చుకోవాలి. దశాంశ రేటు (గెలిస్తే పెట్టిన ప్రతి రూపాయికి తిరిగొచ్చే మొత్తం) అయితే 100ని ఆ రేటుతో భాగించండి. పట్టికలో ఐదుగురు ఉన్నారనుకుందాం. 2.00 అంటే 50 శాతం అవకాశం, 4.00 అంటే 25, 5.00 అంటే 20, 8.00 అంటే 12.5, 10.00 అంటే 10. ఈ ఐదుగురినీ కూడితే 117.5 వచ్చింది. వంద దాటిన 17.5 బుకీ పెట్టుకున్న లాభం. కాబట్టి 2.00 ఉన్నవాడి అసలు అవకాశం 50 కాదు, 50ని 117.5తో భాగిస్తే వచ్చే 42.5 శాతం చిల్లర. పట్టికలో ఇంకో ఇరవై పేర్లుంటే అది మరింత తగ్గుతుంది.

రెండో సంగతి, ఈ మార్కెట్ చాలా పలచన. మ్యాచ్ ఫలితాల మీద పడే డబ్బుతో పోలిస్తే ఇక్కడ పడేది చిల్లరే. లోపలి మనుషులకి ముందే తెలిసే అవకాశం ఉంటుంది కాబట్టి బుకీలు ఒక్కో పందేనికి చిన్న పరిమితి పెడతారు. కొద్దిమంది ఒకే పేరు మీద వేస్తే చాలు, రేటు 12 నుంచి 4కి పడిపోతుంది. రేటు పడిందని వార్త వస్తుంది, వార్త చూసి ఇంకొందరు వేస్తారు, రేటు మళ్లీ పడుతుంది. ఈ చక్రంలో క్లబ్ ఎక్కడా లేదని గమనించండి.

రేటు కదలికకి విలువ ఇవ్వాల్సింది ఒక్క సందర్భంలోనే. ఏ వార్తా లేకుండా చాలామంది బుకీలు ఒకే గంటలో ఆ పేరు మీద పందేలు తీసుకోవడం ఆపేస్తే, ఏదో జరిగింది. ఇంకో చిక్కు నిబంధనల్లో ఉంటుంది. తాత్కాలికంగా కూర్చున్నవాడు ఇన్ని మ్యాచ్‌లు నడిపితే అతన్నే ‘తర్వాతి మేనేజర్’గా లెక్కిస్తామని చాలామంది రాసిపెడతారు. తాత్కాలిక కోచ్ రేటు వింతగా తక్కువ కనిపిస్తే కారణం అదే కావచ్చు.

వార్తల్లో ఏ మాటకి ఎంత బరువు ఇవ్వాలి?

విలేకరి పేరు కన్నా క్రియాపదం చూడండి. ‘జాబితాలో ఉన్నాడు’, ‘అభిమానిస్తున్నారు’, ‘పరిశీలిస్తున్నారు’ అన్నవాటికి దాదాపు విలువ లేదు. అలాంటి జాబితాలో పదిమంది ఉంటారు. ‘మధ్యవర్తుల ద్వారా కనుక్కున్నారు’ అంటే ఎవరో ఏజెంట్‌కి ఫోన్ చేశారు, అంతే. ‘మాట్లాడారు’ అంటే ఇంటర్వ్యూ జరిగి ఉండొచ్చు, కానీ అలా మాట్లాడేది ముగ్గురు నలుగురితో. అసలు మలుపు ‘క్లబ్ నుంచి క్లబ్‌కి అధికారికంగా అడిగారు’ అన్నప్పుడు వస్తుంది. అక్కడి నుంచి పాత క్లబ్‌కి ఇచ్చే పరిహారం లెక్కలు మొదలవుతాయి. ‘నోటి మాటగా ఒప్పుకున్నాడు’ అన్నది సంతకం కాదు. బదిలీ వార్తలు రాసే విలేకరి ఫాబ్రిజియో రొమానో ‘హియర్ వీ గో’ అనేది సాధారణంగా ఈ మెట్టు దాటాకే. అందుకే ఆ మాట కోసం జనం కాచుకుని కూర్చుంటారు.

వార్తను రెండు వైపుల నుంచీ సరిచూసుకోవడం మంచి అలవాటు. కోచ్ పోర్చుగల్‌లో ఉంటే అక్కడి పత్రికలేం రాస్తున్నాయో అనువాదంలోనైనా చదవండి. కోచ్ వదిలే క్లబ్ దగ్గరి విలేకరి, చేరే క్లబ్ దగ్గరి విలేకరి విడివిడిగా ఒకే విషయం రాస్తే గట్టి వార్త. ఒకరిని చూసి పదిమంది రాస్తే అది ఒక్క వార్తే.

పుకార్లు కాక, కాగితం మీద ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. చాలామంది అభిమానులు చూడని చోటే అది. స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదైన క్లబ్బులు ముఖ్యమైన విషయాలు దాచకూడదు. పోర్చుగల్‌లో స్పోర్టింగ్, బెన్‌ఫికా, పోర్టో తమ మార్కెట్ నియంత్రణ సంస్థ సీఎంవీఎంకి తెలియజేయాలి. 2024 అక్టోబర్ 29న స్పోర్టింగ్ అక్కడ ఒక ప్రకటన ఇచ్చింది: రూబెన్ అమోరిమ్ కోసం మాంచెస్టర్ యునైటెడ్ ముందుకొచ్చింది, కాంట్రాక్టులో ఉన్న కోటి యూరోల రిలీజ్ క్లాజ్ (ముందే వదిలిపెట్టడానికి కట్టాల్సిన మొత్తం) కట్టాల్సిందే అని. యునైటెడ్ తన వైపు నుంచి ప్రకటించింది నవంబర్ 1న. మధ్యలో ఆ మూడు రోజులు జరిగిన వాదనలన్నీ ఆ ఒక్క కాగితం చదివి ఉంటే అక్కర్లేదు.

బోరుస్సియా డార్ట్‌మండ్, యువెంటస్, మాంచెస్టర్ యునైటెడ్ కూడా నమోదైన క్లబ్బులే. పాత మేనేజర్‌ని పంపడానికి ఎంత ఖర్చయిందో కూడా వీటి లెక్కల్లో తర్వాత బయటపడుతుంది.

ఒక మేనేజర్‌ని పంపాలంటే క్లబ్‌కి ఎంత ఖర్చు?

చెల్సీ 2018లో ఆంటోనియో కాంటేని పంపాక, కోచింగ్ సిబ్బంది, కోర్టు ఖర్చులతో కలిపి 2.66 కోట్ల పౌండ్లు లెక్కల్లో చూపించింది. అదే ఏడాది డిసెంబర్‌లో మౌరీన్యోనీ అతని సిబ్బందినీ పంపడానికి మాంచెస్టర్ యునైటెడ్‌కి 1.96 కోట్ల పౌండ్లు అయింది. ఎరిక్ టెన్ హాగ్ విషయం ఇంకా విచిత్రం. 2024 జులైలో కాంట్రాక్టు పొడిగించారు, అక్టోబర్ 28న తీసేశారు. అతనికీ సిబ్బందికీ కలిపి 1.04 కోట్ల పౌండ్లు.

అందుకే ‘రేపే తీసేస్తారు’ అనుకునే ముందు మిగిలిన కాంట్రాక్టు చూడాలి. చాలా ఒప్పందాల్లో మొత్తం జీతం కాకుండా, ఇంతే ఇస్తామని ఒక పరిమితి ఉంటుంది. కొన్నింట్లో జట్టు యూరప్ పోటీలకి అర్హత పొందకపోతే ఆ పరిమితి తగ్గుతుంది. అర్హత అవకాశం లెక్కల్లో ముగిసిన వారంలోనే ఉద్వాసన జరగడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. తానే రాజీనామా చేస్తే సాధారణంగా మిగిలిన జీతం రాదు. ఓడిపోతున్న మేనేజర్ ‘నేను వదిలి వెళ్లను’ అని పదేపదే ఎందుకంటాడో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తెచ్చుకోవడానికో?

ఖాళీగా ఉన్నవాడైతే పరిహారం లేదు. ఉద్యోగంలో ఉంటే మూడు అడ్డంకులు: రిలీజ్ క్లాజ్, నోటీసు గడువు, అతనితో వచ్చే సిబ్బంది. 2011లో ఆండ్రే విలాస్-బోయాస్ కోసం చెల్సీ పోర్టోకి 1.5 కోట్ల యూరోల క్లాజ్ కట్టింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే తీసేసింది. క్లాజ్ ఉంటే నిజానికి పని సులువు, డబ్బు పెడితే చర్చ ముగుస్తుంది. క్లాజ్ లేకపోతేనే లాగులాట.

నోటీసు గడువుని జనం మరిచిపోతారు. నవంబర్ 1న ప్రకటించిన అమోరిమ్ 11న గానీ పనిలో చేరలేదు, మొదటి మ్యాచ్ 24న. టెన్ హాగ్ వెళ్లాక నాలుగు మ్యాచ్‌లు తాత్కాలికంగా రూడ్ వాన్ నిస్టెల్‌రోయ్ నడిపాడు. అమోరిమ్‌తో స్పోర్టింగ్ నుంచి ఐదుగురు సహాయకులు వచ్చారు. వాళ్లకీ కాంట్రాక్టులున్నాయి, వాళ్ల పాత క్లబ్‌నీ ఒప్పించాలి. ‘అంతా అయిపోయింది, ఇంకా ప్రకటించరేం?’ అని మీరు విసుక్కునే మూడు నాలుగు రోజులూ చాలాసార్లు ఈ సహాయకుల కాగితాల మీదే పోతాయి.

లైసెన్స్, వర్క్ పర్మిట్ వల్ల నిజంగా ఆగిపోతుందా?

ఆగకపోయినా ఖరీదవుతుంది. యూరప్ పెద్ద లీగుల్లో ప్రధాన కోచ్‌కి యూఈఎఫ్ఏ (యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య) ఇచ్చే ప్రో లైసెన్స్ ఉండాలి, లేదా కనీసం ఆ కోర్సులో చేరి ఉండాలి. 2022-23లో ఫ్రాన్స్‌లో విల్ స్టిల్‌కి ఆ లైసెన్స్ లేదు. అతను బెంచ్ మీద కూర్చున్న ప్రతి మ్యాచ్‌కీ రాన్స్ క్లబ్ 25 వేల యూరోల జరిమానా కట్టింది. మాజీ ఆటగాడి పేరు వినగానే ముందు ఈ లైసెన్స్ ఉందో లేదో చూడండి, సగం పేర్లు అక్కడే రాలిపోతాయి.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక అక్కడి క్లబ్బులు యూరప్ కోచ్‌లకి కూడా ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం తీసుకోవాలి. ఇటీవలి ఏళ్లలో ఏ స్థాయి లీగులో, ఎంతకాలం పనిచేశాడన్నది చూస్తారు. పెద్ద లీగుల వాళ్లకిది లాంఛనమే. చిన్న లీగులోంచి మెరిసినవాడికి, ముఖ్యంగా అతని సహాయకులకి, సమయం పడుతుంది.

తాత్కాలిక మేనేజర్ వరుసగా గెలుస్తున్నాడు. అతనికే ఇచ్చేయొచ్చు కదా?

ఈ ప్రశ్న ప్రతి సీజన్‌లో ఏదో ఒక క్లబ్‌కి వస్తుంది. జవాబు చెప్పేముందు ఒక సంగతి. మేనేజర్‌ని తీసేసేది జట్టు అట్టడుగున ఉన్నప్పుడు. దురదృష్టం, గాయాలు, కఠినమైన షెడ్యూల్ అన్నీ ఒక్కసారి కలిసినప్పుడే ఫలితాలు అంత పడిపోతాయి. ఎవరినీ మార్చకపోయినా అక్కడి నుంచి కొంత పైకి లేస్తాయి. కొత్తవాడి ఖాతాలో పడే గెలుపుల్లో కొన్ని అలా లేచినవే.

ఓలే గున్నార్ సోల్షేర్ 2018 డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి తాత్కాలికంగా వచ్చి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు. 2019 మార్చి 28న ఖాయం చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. అలాగని తర్వాత అంతా నాశనమేం కాలేదు, 2020-21లో లీగ్‌లో రెండో స్థానం వచ్చింది. రెండో వైపు హాన్సీ ఫ్లిక్ ఉన్నాడు. 2019 నవంబర్‌లో బాయర్న్ అతనికి మొదట కొద్ది మ్యాచ్‌లే అప్పగించింది, తర్వాత గడువు పొడిగిస్తూ పోయి 2020 ఏప్రిల్‌లో పూర్తి ఒప్పందం ఇచ్చింది. ఆ వేసవిలో మూడు ట్రోఫీలు. బాయర్న్ చేసిన తెలివైన పని అదే: ఖాయం చేయడానికి అయిదు నెలలు తీసుకుంది.

చూడాల్సింది గెలుపుల సంఖ్య కాదు. ఎవరి మీద గెలిచారు, గోల్ అవకాశాల నాణ్యతలో తేడా వచ్చిందా, లేక గోల్‌కీపర్ దయ వల్ల నెగ్గుకొస్తున్నారా? ఎక్స్‌జీ (అవకాశాల నాణ్యతను బట్టి రావాల్సిన గోల్స్ అంచనా) తేడా మారకుండా పాయింట్లు మాత్రమే పెరిగితే తొందరపడకండి.

చెప్పే మేనేజర్ మన జట్టుకి సరిపోతాడో లేదో ఎలా అంచనా వేయాలి?

హైలైట్ల వీడియోలు వదిలేయండి. అతని జట్టు ఆడిన ఐదు పూర్తి మ్యాచ్‌లు చూడండి, అందులో రెండు ఓడినవి ఉండాలి. గెలిచినప్పుడు అందరి ఆటా అందంగానే ఉంటుంది. వెనకబడ్డాక 60వ నిమిషంలో ఏం మారుస్తాడన్నదే అతని అసలు ముఖం.

తర్వాత కాగితం తీసుకుని అతని పద్ధతిలో మీ జట్టును పేర్చండి. ప్రతి స్థానానికీ ఇద్దరు ఉండాలి. అతను 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) వాడితే నలుగురు వింగ్‌బ్యాక్‌లు (అంచుల్లో రక్షణకీ దాడికీ పరిగెత్తేవాళ్లు), ఆరుగురు సెంటర్‌బ్యాక్‌లు (వెనక మధ్యలో కాచేవాళ్లు) అవసరం, అంచుల్లో దాడి చేసే మామూలు వింగర్లలో ఇద్దరు ముగ్గురికి చోటు ఉండదు. అమోరిమ్ 3-4-3తో మాంచెస్టర్ యునైటెడ్ 2024-25లో ఇదే గోతిలో పడింది. ఆ పద్ధతికి తగ్గ ఆటగాళ్లు లేకుండా సీజన్ మధ్యలో ఆటతీరు మార్చి, 42 పాయింట్లతో 15వ స్థానంలో ముగించింది. లివర్‌పూల్ మాత్రం 2024లో యుర్గెన్ క్లాప్ తర్వాత ఫేనూర్డ్ నుంచి ఆర్నే స్లాట్‌ని తెచ్చుకుంది. అతని ఆట ఉన్న జట్టుకి దగ్గరగా ఉంది. కొత్తగా దాదాపు ఎవరినీ దించకుండానే మొదటి ఏడాదే లీగ్ గెలిచాడు.

అంకెల్లో రెండు చూస్తే చాలు. ఒకటి పీపీడీఏ: ప్రత్యర్థిని తన సగంలో ఎన్ని పాస్‌లు వేయనిచ్చాక బంతి కోసం మీద పడుతున్నారన్నది. అంకె చిన్నదైతే ఒత్తిడి ఎక్కువ. ముప్పై దాటిన మిడ్‌ఫీల్డ్‌తో అలాంటి ఆట ఆడించాలంటే మార్చి నెలకి కాళ్లు పట్టేస్తాయి. రెండోది జీతాల బిల్లుతో పోల్చిన స్థానం. జీతాల్లో పదో స్థానంలో ఉన్న క్లబ్‌ని ఆరో స్థానానికి తెచ్చినవాడు, మొదటి స్థానంలో ఉన్న క్లబ్‌ని రెండో స్థానానికి తెచ్చినవాడి కన్నా ఎక్కువే చేశాడు. అలాగని కింది లీగ్‌కి జారినంత మాత్రాన పనికిరాడనీ కాదు. కొంపనీ బర్న్లీతో 101 పాయింట్లు సాధించి పై లీగ్‌కి వచ్చాడు, మరుసటి ఏడాదే మళ్లీ కిందికి జారాడు, ఆ తర్వాతి ఏడాది బాయర్న్‌తో జర్మనీ లీగ్ బుండెస్‌లీగా గెలిచాడు. అతను ఆడించిన ఆటకి తగ్గ ఆటగాళ్లు ఒకచోట ఉన్నారు, ఇంకోచోట లేరు.

‘బోర్డు పూర్తి మద్దతు ఉంది’ అంటే?

ఆ రోజుకి ఉంది. అడగాల్సిన అవసరం వచ్చిందంటేనే చర్చ మొదలైందని లెక్క.

సాధారణంగా ఎప్పుడు తీసేస్తారు?

అంతర్జాతీయ విరామం మొదలయ్యే వారాంతం తర్వాత. కొత్తవాడికి మ్యాచ్ లేకుండా దాదాపు రెండు వారాలు దొరుకుతాయి కాబట్టి. కాకపోతే చాలామంది ఆటగాళ్లు తమ దేశాల జట్లతో ఉంటారు, అతనికి శిక్షణకి మిగిలేది సగం జట్టే.

మేనేజర్, హెడ్ కోచ్ ఒకటేనా?

కాదు. హెడ్ కోచ్ అయితే ఆటగాళ్ల కొనుగోలు స్పోర్టింగ్ డైరెక్టర్ చేతిలో ఉంటుంది. కొనుగోళ్ల మీద పూర్తి పట్టు కోరే పాతతరం మేనేజర్ పేరు, డైరెక్టర్ బలంగా ఉన్న క్లబ్‌తో ముడిపడితే ఆ వార్తని సగం తగ్గించి చదవండి.

విమానం ట్రాక్ చేశాం, విమానాశ్రయంలో కనిపించాడట, ఆటగాడు పోస్ట్‌కి లైక్ కొట్టాడు...

వదిలేయండి. ‘లోపలి మనిషిని’ అనే ఖాతాల్ని పరీక్షించడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పాత జోస్యాలు వెతకండి. తప్పినవి తీసేసి, తగిలినవే ఉంచితే అర్థమైపోతుంది. పేరున్న విలేకరి పేరుతో వచ్చిన పోస్ట్ అయితే ఖాతా పేరులో అక్షరాలు ఒక్కొక్కటిగా చూడండి.

అభిమానులు గొడవ చేస్తే నిర్ణయం మారుతుందా?

ఒక్కోసారి మారుతుంది. 2021 జూన్‌లో జెన్నారో గట్టూసోతో టాటెన్‌హామ్ చర్చలు మొదలుపెట్టగానే అభిమానులు అతని పాత వ్యాఖ్యల్ని బయటికి తీసి నిరసన తెలిపారు. చర్చలు ఆగిపోయాయి. కానీ ఆ గొడవ ఒకరిని ఆపగలిగిందే తప్ప, కావాల్సినవాణ్ని తేలేకపోయింది. కాంటే, ఫొన్సేకా, గట్టూసో అందరూ దాటిపోయాక జూన్ 30న నూనో ఎస్పిరిటో శాంటో వచ్చాడు. నవంబర్ 1న వెళ్లిపోయాడు. మరునాడు వచ్చింది వేసవిలో కాదన్న కాంటేనే.

ఏ వార్తా లేదంటే ఏమీ జరగడం లేదనా?

అలా అనుకోకండి. ఇంగ్లండ్ జట్టు కోసం టూచెల్ 2024 అక్టోబర్ 8న సంతకం చేశాడు. ప్రకటించింది 16న. మధ్యలో తాత్కాలిక కోచ్ లీ కార్స్‌లీ రెండు మ్యాచ్‌లు ఆడించాడు, ఉద్యోగం మీకేనా అని విలేకరులు అతన్ని అడుగుతూనే ఉన్నారు.

ప్రకటన వచ్చేసింది. ఇప్పుడు ఏం చూడాలి?

కాంట్రాక్టు ఎన్నేళ్లు, క్లబ్ వైపు నుంచి ఎవరు మాట్లాడారు (యజమానా, డైరెక్టరా), సహాయకుల్లో ఎంతమంది పాతవాళ్లని ఉంచారు. ఆరేళ్ల కాంట్రాక్టు చూసి మురిసిపోకండి. డేవిడ్ మోయెస్‌కి మాంచెస్టర్ యునైటెడ్ 2013లో ఇచ్చింది ఆరేళ్లే, పదినెలలు ఉన్నాడు. ఆటగాళ్ల కొనుగోలు గురించి ఏం ఒప్పుకున్నారన్నది పత్రికా ప్రకటనలో ఉండదు, మొదటి విలేకరుల సమావేశంలో అతని మాటల్ని బట్టి తెలుస్తుంది. అదీ జరిగే దాకా ఆగండి. 2016 జులై 6న లాజియో ప్రకటించిన మార్సెలో బియెల్సా, అడిగిన ఆటగాళ్లని తేలేదంటూ రెండు రోజుల్లోనే తప్పుకున్నాడు.